చలికాలపు వియన్నాలో ఒక బొమ్మ, మూడు స్వరాలు

జనవరిలో వియన్నాకు వెళ్తున్నానని చెప్పినప్పుడు చాలామంది ముందుగా అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఆ చలిలో ఏం చూస్తారు?" ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. ఆ నెలలో అక్కడ చెట్లన్నీ మోడులై నిలబడి ఉంటాయి, ఉద్యానవనాల్లో ఫౌంటెన్లకు నీళ్లు ఆపేసి ఉంచుతారు, సాయంత్రం నాలుగున్నర కాకముందే పొద్దు గుంకుతుంది. అయితే నేను వెళ్లింది ఆరుబయట చూడవలసిన వాటి కోసం కాదు. వియన్నా స్టేట్ ఒపెరా సెప్టెంబరు నుంచి జూన్ దాకా దాదాపు ప్రతి రాత్రీ తలుపులు తెరుస్తుంది, జూలై ఆగస్టుల్లో మూసేస్తుంది. పెద్ద కచేరీ మందిరాలకు కూడా నిండు కాలం ఇదే. వేసవి సెలవుల్లో సంగీతం కోసం అంత దూరం వెళ్లి, మూసిన తలుపుల ముందు ఫొటో దిగి వచ్చినవారు నాకు తెలుసు. పగలు కుదించుకుపోయి రాత్రి సాగే రోజుల్లోనే ఆ నగరం తన దగ్గరున్నదంతా బయట పెడుతుంది.

నాకున్నది ఏడు రోజులు. అందులో మొదటి రోజును నేనే పాడుచేసుకున్నాను. మ్యూజియాల జాబితా ఒకటి రాసుకుని, ఉదయం తొమ్మిదింటికి బయలుదేరి, చీకటి పడేలోగా నాలుగు మ్యూజియాలు తిరిగాను. మూడో దానిలో ఉండగానే చూపు బొమ్మల మీద నిలవడం మానేసింది. పక్కనున్న పేరు చీటీ చదవడం, బొమ్మ వైపు ఒకసారి తలెత్తడం, పక్కకు జరగడం, ఇంతే. రాత్రి గదికి వచ్చి ఆలోచిస్తే, ఆ రోజు చూసిన కొన్ని వందల చిత్రాల్లో ఒక్కదాన్ని కూడా కళ్లు మూసుకుని మళ్లీ తెచ్చుకోలేకపోయాను. ఇది నా ఒక్కడి బలహీనత కాదని తర్వాత తెలిసింది. బోస్టన్ లలితకళల మ్యూజియంలో కార్యదర్శిగా పనిచేసిన బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ 1916లోనే దీనికి "మ్యూజియం అలసట" అని పేరు పెట్టి వ్యాసం రాశాడు. ప్రదర్శనలో పెట్టిన వస్తువులను చూడడానికి మనిషి ఎలా వంగవలసి వస్తుందో, ఎలా మెడ సాచవలసి వస్తుందో ఫొటోలు తీయించి మరీ చూపించాడు. తప్పంతా అమరికదేనని ఆయన అన్నాడు. నా విషయంలో మాత్రం తప్పు జాబితాదే.

ఆ జాబితాను పక్కన పెట్టించింది రెండో రోజు రాత్రి విన్న సంగీతం. ముసిక్‌ఫెరైన్ అనే పేరున్న కచేరీ భవనంలోని పెద్ద హాలులో, కింది అంతస్తు చివర, కుర్చీల వరుసల వెనుక నిలబడి వినేవారికి కేటాయించిన చోట నాకు టికెట్ దొరికింది. అక్కడి నుంచి వాద్యబృందం సగమే కనిపిస్తుంది. వినికిడికి మాత్రం ఏ లోటూ ఉండదు. థియోఫిల్ హాన్సెన్ రూపకల్పన చేసిన ఈ భవనం 1870 జనవరి 6న ప్రారంభమైంది. హాలు పొడవు 49 మీటర్లకు కాస్త తక్కువ, వెడల్పు 19 మీటర్లు, ఎత్తు సుమారు 18 మీటర్లు. అంటే అచ్చంగా చెప్పుల పెట్టె ఆకారం. నేల చెక్కది, దాని కింద బోలుగా ఖాళీ ఉంటుంది. గోడల వెంట బంగారు పూత పూసిన స్త్రీమూర్తులు వరుసగా నిలిచి ఉంటాయి, అవి శబ్దాన్ని ఒకే వైపు కొట్టకుండా నలువైపులా చెదరగొడతాయి. హాలు నిండా జనం ఉన్నప్పుడు కూడా ఒక స్వరం ఆగాక దాని అనురణనం పూర్తిగా అణగడానికి సుమారు రెండు సెకన్లు పడుతుంది. గదుల ధ్వనిని లెక్కగట్టే శాస్త్రం పుట్టడానికి పాతికేళ్ల ముందే, అనుభవం మీదా ఊహ మీదా నమ్మకంతో ఇలాంటి గదిని కట్టారన్నది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

చలికాలం కనుక లోపలికి వెళ్లే ముందు కోట్లు అప్పగించాలి. మొదట అది నాకు ఒక తంతులాగా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, మందపాటి ఉన్ని శబ్దాన్ని పీల్చేస్తుంది కదా, వందలాది మంది ఆ బరువును బయట వదిలి రావడం సంగీతానికీ మేలే అనిపించింది.

ఆ రాత్రి కార్యక్రమంలో జర్మన్ స్వరకర్త బ్రామ్స్ రెండో సింఫొనీ, అంటే పూర్తి వాద్యబృందం కోసం రాసిన పెద్ద కృతి, ఉంది. 1877 వేసవిలో ఒక సరస్సు ఒడ్డున బ్రామ్స్ దాన్ని రాశాడు. మొదటిసారి వినిపించింది మాత్రం అదే ఏడాది డిసెంబరు 30న, నేను నిలబడి ఉన్న ఈ హాలులోనే, హాన్స్ రిష్టర్ నిర్వహణలో. ఎండలో పుట్టి మంచులో జనం ముందుకు వచ్చిన సంగీతం అన్నమాట. అది చెల్లోలు, డబుల్ బాస్‌లు అనే పెద్ద తీగవాద్యాల అడుగుస్వరాల్లో మూడే మూడు స్వరాలతో మొదలవుతుంది. మన శ్రుతిలో చెప్పాలంటే "స-ని-స". షడ్జం నుంచి ఒక్క మెట్టు కిందికి దిగి, మళ్లీ షడ్జానికి రావడం, అంతే. దాని మీద హార్న్‌లు అందుకుంటాయి. ముందుగా ఎవరైనా చెప్పకపోతే ఆ మూడు స్వరాలు చెవిని దాటిపోతాయి, ఎందుకంటే అవి రాగం కావు, రాగానికి ముందు వేసిన పీట. అదృష్టవశాత్తూ నాకు ముందే తెలుసు. అందువల్ల ఆ తర్వాతి నలభై నిమిషాల పాటు నా చెవి ఆ "స-ని-స" కోసమే కాచుకుని ఉంది. అది వేణువుల్లోకి వెళ్లింది, వేగం మార్చుకుంది, ఇతర స్వరాల మధ్య తల దాచుకుంది, చివరి భాగం గుసగుసలాగా మొదలైనప్పుడు మళ్లీ ఆ మూడు స్వరాలే ముందుగా వచ్చి నిలిచాయి. నాకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాను.

బయటికి వచ్చేసరికి సన్నగా మంచు పడుతోంది. నడుస్తూ అనుకున్నాను: సంగీతం మనల్ని నలభై నిమిషాలు ఒకచోట నిలబెడుతుంది. ఇంకా ముందుకు జరగండని తొందరపెట్టదు, ముందే వెళ్లిపోవడానికీ వీల్లేదు. చిత్రం దగ్గర ఆ కట్టుబాటు లేదు. ఎంతసేపు చూడాలో మన ఇష్టానికే వదిలేస్తుంది. అందుకే మనం దానికి పది సెకన్లు ఇచ్చి సరిపెడతాం. ఒక చిత్రానికి ఒక సింఫొనీకి ఇచ్చినంత సమయం ఇస్తే ఏమవుతుంది?

మర్నాడు పొద్దున పాత చిత్రాలకు పేరున్న కున్స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియానికి వెళ్లింది ఆ ఒక్క ప్రశ్నతోనే. 1891లో తెరిచిన ఆ భవనంలోకి చలిలోంచి అడుగుపెట్టగానే కళ్లద్దాల మీద ఆవిరి కమ్మేసి ఏమీ కనిపించదు. కోటు, మఫ్లర్, చేతి తొడుగులు, గొడుగు అన్నీ అప్పగించి, అద్దాలు తుడుచుకుని తలెత్తితే ఎదురుగా పాలరాతి మెట్లు, వాటి మధ్యలో ఇటలీ శిల్పి కనోవా చెక్కిన గ్రీకు వీరుడు థీసియస్ విగ్రహం. ఈ అప్పగింతల్లో బొమ్మల మేలు కూడా ఉంది. పాత చిత్రాలు చాలావరకు చెక్క పలకల మీద గీసినవి. గాలిలో తేమ పెరిగితే చెక్క ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది, ఆ కదలికను పైనున్న రంగుపొర తట్టుకోలేక పగులుతుంది. బయట మంచు, లోపల వేడి గాలి ఉండే చలికాలంలో తేమను ఒకే స్థాయిలో నిలబెట్టడం మ్యూజియం వారికి పెద్ద పని. అలాంటిచోటికి తడిసిన కోట్లతో వెళ్లకపోవడం మన వంతు మర్యాద.

మెట్లు ఎక్కుతూ పైన స్తంభాల మధ్య ఇరుకు జాగాల్లోకి చూడండి. అక్కడున్న చిత్రాల్లో కొన్ని వియన్నా చిత్రకారుడు గుస్టావ్ క్లిమ్ట్ యువకుడిగా ఉన్నప్పుడు వేసినవి. తమ్ముడు ఎర్న్‌స్ట్‌తోనూ, మిత్రుడు ఫ్రాంజ్ మాట్ష్‌తోనూ కలిసి 1890-91లో ఆ పని చేశాడు. నేల నుంచి చాలా ఎత్తున ఉండడం వల్ల ఎక్కువమంది వాటిని గమనించకుండానే దాటిపోతారు. 2012లో క్లిమ్ట్ 150వ జయంతికి వాటిని దగ్గరగా చూడడానికి తాత్కాలికంగా ఒక వంతెనే కట్టారు.

ఆ మ్యూజియంలో పదహారో శతాబ్దపు ఫ్లాండర్స్ (నేటి బెల్జియం ప్రాంతం) చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ చిత్రాలు పన్నెండు ఉన్నాయి. ఆయన గీసిన వర్ణచిత్రాల్లో ఇప్పటికి మిగిలినవే నలభై చిల్లర కాబట్టి, ఒకే కప్పు కింద ఇన్ని మరెక్కడా లేవు. నేను వెళ్లి కూర్చున్నది "మంచులో వేటగాళ్లు" ముందు. 1565లో ఓక్ చెక్క మీద గీసిన చిత్రం అది, 117 సెంటీమీటర్ల ఎత్తు, 162 సెంటీమీటర్ల వెడల్పు. ఆంట్వెర్ప్ వర్తకుడు నిక్లాస్ యోంగెలింక్ కోసం ఏడాదిలోని కాలాలను వరుసగా చూపిస్తూ గీసిన చిత్రాల్లో అది ఒకటి. ఆ వరుసలో అయిదు మిగిలాయి: మూడు వియన్నాలో, ఒకటి ప్రాగ్‌లో, ఒకటి న్యూయార్క్‌లో ఉన్నాయి. 1564-65 చలికాలం ఆ ప్రాంతాల్లో చాలా కఠినంగా గడిచిందని చరిత్ర చెబుతుంది. బొమ్మలో చలి ఎక్కడి నుంచి వచ్చిందో వేరే వెతకనక్కరలేదు.

గడియారం చూసుకుని కూర్చున్నాను. మొదటి అయిదు నిమిషాల్లో అందరికీ కనిపించేదే కనిపించింది: ఎడమ వైపు గట్టు మీద మనకు వీపు చూపిస్తూ ముగ్గురు వేటగాళ్లు, వెనుక తలలు వేలాడేసిన కుక్కల గుంపు, కింద లోయలో గడ్డకట్టిన చెరువులు, వాటి మీద ఆడుకుంటున్న మనుషులు. పది నిమిషాలయ్యాక ఆ ముగ్గురి వేట ఫలితం కనిపించింది. భుజాన వేసుకున్న ఈటెకు వేలాడుతున్నది ఒక్క నక్క. ఇంత మంది, ఇన్ని కుక్కలు, ఒక్క నక్క. ఎడమ పక్కన సత్రం ముందు మంట వేసుకుని పంది వెంట్రుకలు కాలుస్తున్నవారు వీళ్ల వైపు తలెత్తి కూడా చూడడం లేదు. సత్రం బోర్డుకున్న కొక్కేల్లో ఒకటి ఊడిపోయి అది వంకరగా వేలాడుతోంది. పదిహేనో నిమిషంలో ఎక్కడో దూరాన ఒక ఇంటి పొగగొట్టం అంటుకుని మండుతుండడం, దాన్ని ఆర్పడానికి మనుషులు పరుగెత్తడం చూశాను. కుడి వైపు కింద నీటి మర చక్రం మంచుపట్టి కదలకుండా నిలిచిపోయింది. ఇక అక్కడి నుంచి పైకి చూస్తే నిటారైన కొండలు. బ్రూగెల్ దేశంలో అలాంటి కొండలు లేవు. 1550ల మొదట్లో ఇటలీకి ప్రయాణించినప్పుడు దాటిన ఆల్ప్స్ పర్వతాలను పదేళ్లకు పైగా మనసులో దాచుకుని, తన ఊళ్ల వెనుక తెచ్చి నిలబెట్టాడు.

ఇరవయ్యో నిమిషం దాటాక మాత్రం విషయాలు కనిపించడం ఆగిపోయి లయ కనిపించడం మొదలైంది. దీన్ని ఎలా చెప్పాలో తెలియక ఇప్పటికే మూడుసార్లు రాసి కొట్టేశాను. తెలుపు మీద నలుపు: వేటగాళ్లు నల్లగా ఉన్నారు. వాళ్ల పక్కనే చెట్ల మోళ్లు నల్లగా, ఒకదాని తర్వాత ఒకటి చిన్నవవుతూ వాలు వెంట కిందికి దిగుతున్నాయి. కొమ్మల మీద పక్షులు నల్లగా ఉన్నాయి, ఒకటి రెక్కలు చాచి సరిగ్గా లోయ మీద తేలుతోంది. చెరువు మీద మనుషులు నల్లటి చుక్కలు. పెద్దదిగా మొదలైన ఆ నల్లని గుర్తు చిన్నదై, ఇంకా చిన్నదై, వేషం మార్చుకుని, బొమ్మ అంతటా మళ్లీ మళ్లీ వస్తోంది. గడ్డకట్టిన చెరువుదీ ఆకాశానిదీ ఒకటే రంగు, ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు. అది కింద మొదలై పైన మళ్లీ వినిపిస్తోంది. "వినిపిస్తోంది" అని తెలిసే రాశాను. ముందు రాత్రి "స-ని-స" కోసం కాచుకుని ఉన్న చెవే ఇప్పుడు నా కంటికి దారి చూపిస్తోందని నాకు గట్టిగా అనిపించింది. లేచేసరికి యాభై నిమిషాలైంది. ఆ రోజుకు ఇంకే బొమ్మా చూడకుండా బయటికి వచ్చేశాను.

ఆ తర్వాత రోజులు ఆ లెక్కనే గడిచాయి: పగలు ఒక చోటు, రాత్రి ఒక కచేరీ. ఇప్పుడు మ్యూజియంగా ఉన్న ఎగువ బెల్వెడేర్ ప్యాలెస్‌లో క్లిమ్ట్ గీసిన "ముద్దు" ముందు చలికాలంలో కూడా గుంపు తగ్గదు. 1907-08లో గీసిన ఈ చిత్రం పొడవూ వెడల్పూ 180 సెంటీమీటర్లే. ఎదురుగా నిలబడితే ముందువారు ఎత్తిన ఫోన్లే కనిపిస్తాయి కాబట్టి నేను పక్కకు వెళ్లాను. ఆ పక్క చూపే మేలైనదని నా అభిప్రాయం. ఒక్కొక్క అడుగు జరుగుతుంటే బంగారు రేకు ఒకచోట ఆరిపోయి మరొకచోట వెలుగుతుంది, ఆ వెలుగు ఏ ముద్రణలోనూ రాదు. క్లిమ్ట్ తండ్రి బంగారం మీద నగిషీ చెక్కే పనివాడన్నది అప్పుడు గుర్తొచ్చింది. ఆమె పాదాల వేళ్లు పూలనేల అంచున బిగుసుకుని ఉండడం కూడా అక్కడి నుంచే స్పష్టంగా చూశాను. క్లిమ్ట్, ఆయన తోటి కళాకారుల ప్రదర్శనశాల అయిన సెసెషన్ భవనం నేలమాళిగలో 34 మీటర్ల పొడవున్న ఆయన బీథోవెన్ గోడచిత్రం ఉంది. 1902లో ఒక ప్రదర్శన కోసం, అది అయిపోగానే తీసేయవచ్చన్న ఉద్దేశంతో వేసిన చిత్రం అది. దానికి ఆధారమైన బీథోవెన్ తొమ్మిదో సింఫొనీ చివరి భాగాన్ని ముందు రాత్రి గదిలో ఒకసారి విని వెళ్లడం వల్ల, చివరి గోడ మీద బృందగానం చేస్తున్న స్త్రీల వరుస దగ్గరికి చేరేసరికి నా అడుగు దానంతట అదే నెమ్మదించింది.

ఒపెరాకు ఒక రాత్రి వెళ్లాను, నిలబడి చూసే చోటికే. చోటు దొరికాక ముందున్న కమ్మీకి మఫ్లర్ ముడివేసి వెళ్తే అది మీ చోటని అందరూ ఒప్పుకుంటారు. చలికాలంలో ప్రతి మెడలోనూ మఫ్లర్ ఉంటుంది కాబట్టి ఆ కమ్మీ రంగురంగులుగా కనిపిస్తుంది. ఆ రాత్రి గురించి ఇంతకన్నా రాయను, ఎందుకంటే నా మనసు అప్పటికే మర్నాటి కచేరీ మీద ఉంది.

ఆ మర్నాడు పగలు కెట్టెన్‌బ్రూకెన్‌గాసె వీధిలో ఒక పాత ఇంటి మెట్లెక్కాను. అది వియన్నా స్వరకర్త షూబర్ట్‌కు అన్న అయిన ఫెర్డినాండ్ కాపురమున్న ఇల్లు. 1828 నవంబరు 19న, 31 ఏళ్ల వయసులో, షూబర్ట్ అక్కడే కన్నుమూశాడు. ఇప్పుడది చిన్న స్మారక మందిరం. పెద్ద మ్యూజియాల పాలరాయి, బంగారం చూసిన కళ్లకు అక్కడ చూడడానికి దాదాపు ఏమీ లేదు: కొద్ది సామాను, కొన్ని కాగితాలు, కిటికీలోంచి వచ్చే చలికాలపు బలహీనమైన వెలుతురు. ఆఖరి రోజుల్లో ఆయన ఆ గదుల్లోనే "వింటర్‌రైజె" (చలికాలపు ప్రయాణం) రెండో భాగం అచ్చు ప్రతులు దిద్దాడు. విల్‌హెల్మ్ ముల్లర్ కవితలకు 1827లో కూర్చిన 24 పాటల మాల అది. ఒక గొంతు, ఒక పియానో, మంచులో ఒంటరిగా నడిచే ఒక మనిషి.

ఆ రాత్రి దాన్ని కోన్‌సర్ట్‌హౌస్ అనే మరో కచేరీ మందిరంలో విన్నాను. డెబ్భై నిమిషాలకు పైగా సాగే ఆ పాటల మధ్య ఎవరూ చప్పట్లు కొట్టరు, దగ్గును కూడా పాటకూ పాటకూ మధ్య దాకా ఆపుకుంటారు. చివరి పాటలో, ఊరి బయట మంచు మీద వట్టి కాళ్లతో నిలబడి, గుండ్రటి పిడి తిప్పుతూ వాద్యం మోగించే ఒక ముసలివాడు కనిపిస్తాడు. ఎవరూ వినరు, పళ్లెంలో ఒక్క నాణెమూ పడదు, చుట్టూ కుక్కలు గుర్రుమంటాయి. పియానో ఎడమచేయి పాట మొదలు నుంచి చివరి దాకా రెండే స్వరాలను పట్టుకుని ఉంటుంది. షడ్జమం, పంచమం. తంబురా విని పెరిగిన చెవికి ఆ చోటు ఎవరూ వివరించనక్కరలేదు. మొదటి రెండుసార్లు ఆ శ్రుతి పక్క స్వరాన్ని తాకి, కాస్త జారి, కుదురుకుంటుంది. చలికి బిగుసుకున్న వాద్యం మెల్లగా దారికి వస్తున్నట్టు. ఆ తర్వాత మారదు. దాని మీద గొంతు రెండు మాటలు పాడి ఆగుతుంది, పియానో కుడిచేయి చిన్న పలుకు పలికి ఆగుతుంది. పాట ముగిశాక హాలంతా చాలాసేపు నిశ్శబ్దంగా ఉండిపోయింది. పక్క కుర్చీలోని పెద్దావిడ చేతి తొడుగులను ఒళ్లో పట్టుకుని అలాగే కూర్చుంది.

వెళ్లాలనుకునేవారికి ఒక మాట. చలికాలంలో కొన్ని మ్యూజియాలకు సోమవారం సెలవు, కొన్ని వారంలో ఒక రోజు రాత్రి దాకా తెరిచి ఉంచుతాయి. ఆ రెండూ ముందే చూసుకుని, కచేరీల తేదీల చుట్టూ మ్యూజియాలను పేర్చుకోండి కానీ, మ్యూజియాల చుట్టూ కచేరీలను కాదు. బొమ్మ రేపూ అక్కడే ఉంటుంది.

చివరి రోజు మధ్యాహ్నం రైలు. పొద్దున్నే తలుపులు తెరిచే వేళకు కోటు అప్పగించి మళ్లీ బ్రూగెల్ గదికి వెళ్లాను. గదిలో నేనూ, కాపలా ఉద్యోగీ తప్ప ఎవరూ లేరు. తలలో ఇంకా ఆ రెండు స్వరాల శ్రుతి మోగుతూనే ఉంది. ఈసారి నేను వేటగాళ్ల వైపు చూడలేదు, వాళ్లు దిగబోయే వాలు కింద వెతికాను. కుడి వైపు, నిలిచిపోయిన మర చక్రానికి కాస్త పైన, మంచు కప్పిన చిన్న వంతెన ఒకటి ఉంది. దాని మీద ఒక స్త్రీ తలమీద కట్టెల మోపు పెట్టుకుని, వంగి, ఒక్కర్తే దాటుతోంది. ఆ రోజు యాభై నిమిషాలు కూర్చుని కూడా ఆమెను నేను చూడలేదు.